సూర్యగర్భాన్ని మించిన వేడిలో దొరికిన ద్రవం

2005 ఏప్రిల్ 18న అమెరికాలోని టాంపా నగరంలో భౌతిక శాస్త్రవేత్తల సమావేశం జరిగింది. న్యూయార్క్ పక్కనే ఉన్న లాంగ్ ఐలాండ్‌లోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో పనిచేస్తున్న నాలుగు పరిశోధక బృందాలు ఆ వేదిక మీద ఒకే మాట చెప్పాయి. బంగారు కేంద్రకాలను కాంతి వేగానికి అతి చేరువలో ఎదురెదురుగా ఢీకొట్టించి చూశాం. పుట్టిన పదార్థం వాయువు కాదు, ద్రవం. అదీ లోపల రాపిడి దాదాపు లేకుండా పారే ద్రవం.

ఈ ఫలితానికి ఆశ్చర్యపోయినవారిలో ఆ రంగంలో తలపండినవాళ్లు కూడా ఉన్నారు. మంచుగడ్డను వేడి చేస్తే నీరవుతుంది, నీటిని మరిగిస్తే ఆవిరవుతుంది. వేడి పెరిగేకొద్దీ కణాల మధ్య పట్టు సడలడం ప్రకృతిలో ఎక్కడ చూసినా కనబడేదే. లక్షల కోట్ల డిగ్రీల దగ్గర ఆ పట్టు పూర్తిగా పోయి, కణాలు వేటి దారిన అవి ఎగిరే పలచటి వాయువు మిగులుతుందని అప్పటిదాకా ఎక్కువమంది నమ్మారు. అలా నమ్మడానికి గట్టి కారణమే ఉంది.

పరమాణువు మధ్యలో కేంద్రకం, కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయని బడిలో చదువుకున్నాం. ఆ ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కూడా క్వార్కులనే ఇంకా చిన్న కణాలతో తయారయ్యాయని 1964లో ముర్రే గెల్‌మన్, జార్జ్ జ్వైగ్ విడివిడిగా ప్రతిపాదించారు. క్వార్కులను కట్టిపడేసేది ప్రబల బలం. దాన్ని మోసుకు తిరిగే కణాల పేరు గ్లువాన్లు. ఈ బలానికి ఒక వింత స్వభావం ఉంది. రెండు క్వార్కులను దూరంగా లాగేకొద్దీ వాటి మధ్య పట్టు సడలదు. మరీ లాగితే, ఆ లాగడానికి పెట్టిన శక్తి నుంచే కొత్త క్వార్కులు పుట్టుకొచ్చి మళ్లీ జతకడతాయి. అందుకే ఒంటరి క్వార్కును ఇప్పటిదాకా ఎవరూ పట్టుకోలేకపోయారు. క్వార్కులు బాగా దగ్గరైనప్పుడు మాత్రం ఆ బలం నీరసించిపోతుంది. 1973లో ఈ సంగతి లెక్కగట్టి చూపిన డేవిడ్ గ్రాస్, ఫ్రాంక్ విల్‌చెక్, డేవిడ్ పోలిట్జర్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ లెక్క బయటికొచ్చిన రెండేళ్లకే కొందరికి ఒక ఆలోచన తట్టింది. పదార్థాన్ని విపరీతంగా నొక్కినా, విపరీతంగా వేడెక్కించినా క్వార్కులు కిక్కిరిసిపోతాయి. బలం నీరసిస్తుంది. ప్రోటాన్ల, న్యూట్రాన్ల గోడలు కరిగిపోయి క్వార్కులు, గ్లువాన్లు బయటపడాలి. 1978లో ఎడ్వర్డ్ షుర్యాక్ దీనికి క్వార్క్-గ్లువాన్ ప్లాస్మా అని పేరు పెట్టాడు. సూపర్ కంప్యూటర్ల మీద చేసిన లెక్కల ప్రకారం ఈ కరుగుదల సుమారు 1.8 లక్షల కోట్ల డిగ్రీల దగ్గర జరుగుతుంది. సూర్యుడి నడిబొడ్డున ఉండే వేడి కోటిన్నర డిగ్రీలే. అంటే సూర్యగర్భానికి లక్ష రెట్లకు పైగా వేడి కావాలి.

అంత వేడి ఈ విశ్వమంతటా సహజంగా ఉన్నది ఒక్కసారే. మహావిస్ఫోటనం తర్వాత మొదటి కొన్ని మైక్రో సెకన్లపాటు విశ్వమంతా ఇదే పదార్థం. అది చల్లారినప్పుడే మొట్టమొదటి ప్రోటాన్లు, న్యూట్రాన్లు గడ్డకట్టాయి. మన ఒంట్లోని ప్రోటాన్ల పుట్టుక అక్కడిదే. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ప్రోటాన్‌లోని మూడు క్వార్కుల సొంత బరువు కలిపితే ప్రోటాన్ బరువులో ఒకటి, రెండు శాతానికి మించదు. మిగతాదంతా క్వార్కుల కదలికలోనూ, వాటిని పట్టి ఉంచే గ్లువాన్లలోనూ దాగిన శక్తి. తక్కెడలో మనం తూచుకునే బరువులో సింహభాగం ఈ ప్రబల బలం పుణ్యమే. కాబట్టి ఈ బలం వేడిలో ఎలా ప్రవర్తిస్తుందన్నది ఏ మూలో ఉన్న శాస్త్రవేత్తల సొంత గొడవ కాదు. మనం దేనితో తయారయ్యామో తెలుసుకునే ప్రయత్నం.

బ్రూక్‌హేవెన్ యంత్రం పేరు రిలేటివిస్టిక్ హెవీ అయాన్ కొలైడర్. అక్కడివాళ్లు ముద్దుగా రిక్ అంటారు. 2000 జూన్‌లో అందులో మొదటి ఢీలు జరిగాయి. నేలమాళిగలో 3.8 కిలోమీటర్ల చుట్టుకొలతతో పక్కపక్కనే రెండు వలయాలు. వాటి చుట్టూ ద్రవ హీలియంతో సున్నాకు 269 డిగ్రీలు దిగువకు చల్లబరిచిన అతివాహక అయస్కాంతాలు. బంగారు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లన్నీ ఒలిచేసి, 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లున్న వట్టి కేంద్రకాలను ఒక వలయంలో కుడిచేతి వైపు, మరో వలయంలో ఎడమచేతి వైపు పరుగెత్తించేవారు. సెకనుకు దాదాపు 78 వేల చుట్లు తిరిగేవవి. కాంతి వేగంలో 99.99 శాతం దాటాక, ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం చెప్పినట్టే గుండ్రటి కేంద్రకం ప్రయాణించే దిశలో వంద రెట్లు కుదించుకుపోయి అప్పడంలా పలచబడుతుంది. అలాంటి రెండు అప్పడాలు ఎదురెదురుగా తగిలితే ఒక్కో ఢీ నుంచి వేల కణాలు చిమ్ముతాయి.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. పుట్టిన వేడి ముద్ద పరిమాణం మిల్లీమీటరులో పది వేల కోట్లో వంతు. ఇక ఆయుష్షు? ఒక సెకనును లక్ష కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను తీసి మళ్లీ లక్ష కోట్ల ముక్కలు చేస్తే, అలాంటి కొన్ని పదుల ముక్కలంత. ఆలోపే అది వ్యాకోచించి, చల్లారి, మామూలు కణాలుగా చెదిరిపోతుంది. అందులో థర్మామీటర్ పెట్టలేం, ఫొటో తీయలేం. చేతికి దొరికేది చెదిరిన శకలాలే. స్టార్ అనే ప్రయోగంలో ఢీ జరిగే చోటు చుట్టూ నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వ్యాసంతో వాయువు నింపిన పెద్ద పీపా ఉండేది. శకలాలు ఆ వాయువులోంచి దూసుకుపోతూ గీసే గీతలను యంత్రాలు నమోదు చేసేవి. అయస్కాంత క్షేత్రంలో ఏ గీత ఎంత వంగిందో చూసి ఆ కణం ఎంత జోరుగా పోయిందో లెక్కగట్టేవారు. లక్షల ఢీల శకలాలను పోగేసి, జరిగినదాన్ని వెనక్కి చదువుకుంటూ వెళ్లాలి.

మొదటి ఆధారం శకలాలు చిమ్మిన దిశల్లో దొరికింది. రెండు కేంద్రకాలు అన్నిసార్లూ సూటిగా తగలవు. కాస్త పక్కకు తగిలినప్పుడు, రెండూ కలిసిన చోటు గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. లోపల ఉన్నది వాయువైతే కణాలు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా నాలుగు దిక్కులా సమానంగా వెళ్లిపోవాలి. ద్రవమైతే అలా కాదు. కోల ఆకారంలో వెడల్పు తక్కువున్న వైపు పీడనం త్వరగా తగ్గుతుంది కాబట్టి అటువైపు తోపుడు ఎక్కువై కణాలు ఎక్కువగా, జోరుగా చిమ్ముతాయి. స్టార్ బృందం తొలి ఏడాది దత్తాంశంలోనే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. అంతేకాదు, రాపిడి లేని ఆదర్శ ద్రవానికి రాసిన సమీకరణాలు ఇచ్చే విలువకు అది దగ్గరగా వచ్చింది. తర్వాత ఇంకో విశేషం బయటపడింది. ఈ ప్రవాహం బలాన్ని కణంలో ఉన్న క్వార్కుల సంఖ్యతో భాగిస్తే, రెండు క్వార్కుల కణాలూ మూడు క్వార్కుల కణాలూ ఒకే గీత మీదికి వచ్చాయి. పారింది ప్రోటాన్లుగా మారకముందు ఉన్న క్వార్కులేనని అనుకోవడానికి ఇంతకన్నా ముచ్చటైన సాక్ష్యం దొరకదు.

రెండో ఆధారం ఇంకా బలమైనది. దాని కథను కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

ఢీకొన్న తొలి క్షణంలో అప్పుడప్పుడు రెండు క్వార్కులు ఒకదానికొకటి గట్టిగా తగిలి, సరిగ్గా ఎదురెదురు దిశల్లో దూసుకుపోతాయి. ఒక్కోటి దారిలో కణాల జల్లుగా మారుతుంది. దీన్ని జెట్ అంటారు. చుట్టూ దట్టమైన ప్లాస్మా ఉంటే ఈ జెట్‌లు అందులో శక్తి పోగొట్టుకోవాలని 1982లోనే జేమ్స్ బ్యోర్కెన్ ఊహించాడు. ప్లాస్మా అంచున పుట్టిన జోడీలో ఒకటి వెంటనే బయటపడుతుంది. రెండోది మాత్రం ముద్ద మొత్తాన్ని అడ్డంగా దాటాలి. దాని గతి ఏమిటన్నదే ప్రశ్న.

స్టార్ బృందం గీసిన పటంలో అడ్డంగా కోణాలు, నిలువుగా కణాల సంఖ్య. రెండు ప్రోటాన్లు ఢీకొన్నప్పటి గీతలో రెండు గుట్టలు కనబడతాయి. ఒకటి సున్నా డిగ్రీల దగ్గర, రెండోది 180 డిగ్రీల దగ్గర. జెట్, దాని ఎదుటి జోడీ. బంగారం బంగారాన్ని సూటిగా ఢీకొన్నప్పటి గీతలో మొదటి గుట్ట అలాగే ఉంది. రెండోది ఉండాల్సిన చోట చదును. ఎదుటి జెట్ మాయమైపోయింది. ఫీనిక్స్ అనే మరో ప్రయోగం చేసిన లెక్కా ఇదే చెప్పింది. జోరుగా రావలసిన కణాల్లో సుమారు ఐదో వంతే బయటికి వచ్చాయి.

అంతటితో పండగ చేసుకుని ఉండొచ్చు. చేసుకోలేదు. ఎందుకంటే ఇంకో వివరణకు తావుంది. అంత వేగంతో వచ్చే బంగారు కేంద్రకంలో గ్లువాన్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి సంఖ్య తగ్గి ఉంటే, మొదట్లోనే జెట్‌లు తక్కువ పుట్టి ఉండొచ్చు. అప్పుడు ప్లాస్మాతో పనే లేదు. ఈ అనుమానం తీర్చుకోవడానికి 2003లో ఒక వలయంలో బంగారం బదులు డ్యూటిరాన్లను తిప్పారు. డ్యూటిరాన్ అంటే ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్, అంతే. అది బంగారు కేంద్రకంలోంచి దూసుకుపోతుంది కానీ పెద్ద వేడి ముద్దను పుట్టించలేదు. లోపం బంగారంలోనే ఉంటే ఇక్కడా రెండో గుట్ట పోవాలి. పోలేదు, నిక్షేపంగా ఉంది. అంటే జెట్‌ను మింగింది ఢీ తర్వాత పుట్టిన వేడి పదార్థమే. ఫోటాన్లు కూడా ఇదే సాక్ష్యం చెప్పాయి. కాంతి కణానికి ప్రబల బలంతో సంబంధం లేదు కాబట్టి అది ప్లాస్మాను ఖాతరు చేయకుండా బయటపడాలి. తొలి ఢీల్లో పుట్టిన ఫోటాన్లు లెక్క ప్రకారం రావలసినన్నీ వచ్చాయి.

ఈ శాస్త్రంలో మెచ్చుకోవలసింది లక్షల కోట్ల డిగ్రీల సంఖ్యను కాదు, ఈ డ్యూటిరాన్ పరీక్షను. చేతికొచ్చిన గొప్ప ఫలితాన్ని తామే పడగొట్టడానికి ప్రయత్నించి, అది పడిపోలేదని తేలాకే నలుగురి ముందుకు వచ్చారు. టాంపా ప్రకటనకు విలువ తెచ్చింది ఆ ఓపికే.

ఉష్ణోగ్రతను కొలిచింది కూడా కాంతితోనే. కాల్చిన ఇనుము రంగు చూసి కమ్మరి వేడిని అంచనా వేసే పద్ధతి వెనకున్న భౌతికశాస్త్రమే ఇక్కడా పనిచేస్తుంది. ప్లాస్మా స్వయంగా వెలువరించే ఫోటాన్ల శక్తిని కొలిచి, ఆ ముద్ద తొలి వేడి దాదాపు 4 లక్షల కోట్ల డిగ్రీల సెల్సియస్ అని 2010లో ఫీనిక్స్ బృందం ప్రకటించింది. సూర్యగర్భానికి సుమారు రెండున్నర లక్షల రెట్లు. ప్రోటాన్లు కరగడానికి కావలసిన దానికి రెట్టింపు దాటిన వేడి.

ఇక స్నిగ్ధత. తేనె మెల్లగా పారుతుంది, నీళ్లు చురుగ్గా పారతాయి. ఆ తేడాకు పేరే స్నిగ్ధత. పదార్థం ఎంత చిక్కగా ఉందో లెక్కలోకి తీసుకుని పోలిస్తే ఈ ప్లాస్మా స్నిగ్ధత మనకు తెలిసిన ద్రవాలన్నిటికన్నా తక్కువ. 2005లో కొవ్‌టున్, సాన్, స్టారినెట్స్ అనే ముగ్గురు సైద్ధాంతికులు తీగ సిద్ధాంతపు (స్ట్రింగ్ థియరీ) గణితంతో ఒక కనిష్ఠ హద్దును సూచించారు. ప్లాస్మా ఆ హద్దుకు దాపులో ఉంది. విచిత్రమేమిటంటే, దీనికి ఆ పోలికలో దగ్గరగా వచ్చేది పరమ శూన్య ఉష్ణోగ్రతకు వెంట్రుకవాసి దూరం దాకా చల్లబరిచిన లిథియం పరమాణువుల మేఘం. 2002లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆ మేఘాన్ని వదిలిపెట్టి చూస్తే, అదీ కోల ఆకారం నుంచి అదే తీరులో వ్యాకోచించింది. విశ్వంలోని అతి వేడి పదార్థమూ అతి చల్లటి పదార్థమూ ఒకే తీరుగా పారడానికి కారణం, రెండింటిలోనూ కణాల మధ్య పట్టు చాలా గట్టిగా ఉండటమే. 1.8 లక్షల కోట్ల డిగ్రీలు దాటగానే ప్రబల బలం నీరసించిపోతుందన్న అంచనా తొందరపాటని దీనితో తేలింది. నీరసించడానికి ఇంకా ఎంతో వేడి కావాలి.

2017లో స్టార్ బృందం మరో సంగతి చెప్పింది. పక్కకు తగిలిన ఢీలలో ఈ ద్రవం గిర్రున తిరుగుతుంది. ఆ సుడి వేగం అంతకుముందు కొలిచిన ఏ ద్రవంలోనూ లేనంత ఎక్కువ.

ఇలాంటి యంత్రం కడుతున్నారంటే జనం భయపడ్డారు కూడా. 1999లో రిక్ తయారవుతున్నప్పుడు అది భూమిని మింగే కృష్ణబిలాన్ని పుట్టిస్తుందేమోనన్న ప్రశ్న పత్రికలకెక్కింది. ప్రయోగశాల అధిపతి జాన్ మార్బర్గర్ కొట్టిపారేయకుండా నిపుణుల సంఘాన్ని వేశారు. వాళ్ల జవాబు సూటిగా ఉంది. గాలి పొర లేని చంద్రుడి మీద ఇంతకన్నా జోరైన కాస్మిక్ కిరణాల కేంద్రకాలు వందల కోట్ల ఏళ్లుగా పడుతూనే ఉన్నాయి. చంద్రుడు ఇంకా అక్కడే ఉన్నాడు.

2010 నవంబరులో జెనీవా దగ్గరి సెర్న్‌లో, 27 కిలోమీటర్ల ఎల్‌హెచ్‌సీ యంత్రంలో సీసం కేంద్రకాలు ఢీకొనడం మొదలైంది. శక్తి రిక్ కన్నా పది రెట్లకు పైమాటే. అంత వేడిలోనూ అది ద్రవంగానే పారింది. తొలి వారాల్లోనే అట్లాస్ ప్రయోగంలో ఒకవైపు జోరుగా జెట్, ఎదుటివైపు జోరంతా పోగొట్టుకున్న జెట్ ఒకే ఢీలో కంటికి కనబడ్డాయి. ఈ పని కోసమే కట్టిన అలీస్ డిటెక్టర్ బరువు 10 వేల టన్నులు, పొడవు 26 మీటర్లు. పరసవేది కథలు వింటూ పెరిగిన మనకు నచ్చే ముచ్చట ఒకటి అలీస్ బృందం 2025లో చెప్పింది. సీసం కేంద్రకాలు తగలకుండా ఒకదాని పక్క నుంచి ఒకటి దూసుకుపోయేటప్పుడు కొన్నిసార్లు మూడు ప్రోటాన్లు ఊడి, సీసం కాస్తా బంగారమవుతుంది. 2015 నుంచి 2018 దాకా ఇలా పుట్టిన బంగారు కేంద్రకాలు 8,600 కోట్లు. వాటి బరువంతా కలిపితే గ్రాములో లక్ష కోట్లో వంతుకు 29 రెట్లు. ముక్కుపుడకకు కూడా చాలదు.

జవాబు దొరకని ప్రశ్నలూ ఉన్నాయి. రెండు ప్రోటాన్లే ఢీకొన్నా, కణాలు బాగా ఎక్కువగా పుట్టిన సందర్భాల్లో ప్రవాహం లాంటి లక్షణాలు ఎల్‌హెచ్‌సీలో కనిపిస్తున్నాయి. అంత చిన్న చుక్కను ద్రవం అనవచ్చా? ఎన్ని కణాలుంటే ద్రవమవుతుంది? దీని మీద వాదన సాగుతూనే ఉంది.

ఈ కథలో భారతీయుల చెయ్యి చిన్నది కాదు. కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్ అధిపతిగా పనిచేసిన వికాస్ సిన్హా చొరవతో మనవాళ్లు సెర్న్ ప్రయోగాల్లో చేరారు. ఫోటాన్లను లెక్కపెట్టే, తేనెపట్టు గదుల్లాంటి అమరిక ఉన్న డిటెక్టర్‌ను కోల్‌కతా, భువనేశ్వర్, చండీగఢ్, జైపూర్, జమ్ము సంస్థలు కలిసి తయారుచేశాయి. అది సెర్న్‌లోనూ, బ్రూక్‌హేవెన్‌లో స్టార్‌లోనూ, తర్వాత అలీస్‌లోనూ పనిచేసింది. సాహా ఇన్‌స్టిట్యూట్‌లో రూపుదిద్దుకుని మొహాలీలో తయారైన మానస్ అనే చిప్‌లు అలీస్‌లో సంకేతాలు చదివాయి. భువనేశ్వర్‌లోని నైసర్ పరిశోధన సంస్థకు చెందిన బేదాంగదాస్ మొహంతికి ఈ పరిశోధనకే 2021లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. స్టార్ సభ్య సంస్థల్లో మన తిరుపతి ఐసర్ ఒకటి.

ఇప్పుడు అందరి కళ్లూ ఒక బిందువు మీద ఉన్నాయి. నీటికి 374 డిగ్రీల దగ్గర, తగిన పీడనంలో, ద్రవానికీ ఆవిరికీ తేడా చెరిగిపోయే సందిగ్ధ బిందువు ఉంది. క్వార్కుల పదార్థానికీ అలాంటిది ఉందా? రిక్‌లో 2010 నుంచి 2021 దాకా విడతలుగా ఢీల శక్తిని తగ్గిస్తూ వెతికారు. శక్తి తగ్గితే వేడి తగ్గి, పదార్థం ఇంకా చిక్కనవుతుంది. ఆ బిందువు దగ్గర ప్రోటాన్ల సంఖ్య ఒక ఢీ నుంచి మరో ఢీకి అస్తవ్యస్తంగా మారాలి. కొన్ని శక్తుల దగ్గర లెక్కకు కలవని తేడాలు కనిపించాయి కానీ, బిందువు దొరికిందని చెప్పడానికి అవి చాలవు.

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో కడుతున్న ఫెయిర్ కేంద్రంలో ఈ అన్వేషణ కొనసాగుతుంది. అక్కడి సీబీఎం ప్రయోగాన్ని సెకనుకు కోటి ఢీల వరకు నమోదు చేసేలా రూపొందించారు. భారత్ ఆ కేంద్రానికి వ్యవస్థాపక భాగస్వామి. అక్కడి అయస్కాంతాలకు కావలసిన అతి నిలకడైన విద్యుత్ సరఫరా పరికరాలను తయారుచేసి పంపింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్.

ఈ పదార్థాన్ని చూడటానికి విమానం ఎక్కనక్కర్లేదు. ఎల్‌హెచ్‌సీలోని సీఎంఎస్ అనే మరో ప్రయోగం 2010, 2011లలో సేకరించిన సీసం ఢీల దత్తాంశాన్ని సెర్న్ తన ఓపెన్ డేటా వెబ్‌సైట్‌లో అందరికీ ఉచితంగా ఉంచింది. అలీస్ బృందం హైస్కూల్ పిల్లల కోసం మాస్టర్‌క్లాస్ పాఠాలు కూడా తయారుచేసింది. కావలసింది ఒక కంప్యూటర్, నెట్ కనెక్షన్, ఆసక్తి. మన ఇంటర్, డిగ్రీ కాలేజీల భౌతికశాస్త్ర అధ్యాపకులు ప్రాక్టికల్స్‌లో ఒక మధ్యాహ్నం దీనికి కేటాయించాలి.